అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ పంప్ పెట్టాక కార్బరేటర్ పొంగుతోంది, ప్రెషర్ రెగ్యులేటర్ పెడితే ఆగుతుందా?

బెజవాడ_అంబీ:
అందరికీ నమస్తే అండి. మా నాన్నగారి 1977 మార్క్ 3 నా దగ్గరుంది, 1489 సీసీ పెట్రోల్ ఇంజినే, ఇప్పుడు సోలెక్స్ కార్బరేటర్ మీద నడుస్తోంది. ఎండాకాలం వస్తే చాలు బెంజ్ సర్కిల్ దాటేలోపు రెండుసార్లు ఆగిపోయేది, పెట్రోల్ పంప్ మీద తడిగుడ్డ కప్పి పావుగంట నిలబడితే గానీ స్టార్టయ్యేది కాదు. విసుగొచ్చి ఆటోనగర్‌లో ఒకాయన చెప్పాడని మెకానికల్ పంప్ తీయించేసి 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంప్ పెట్టించా. ఆగడమైతే ఆగట్లేదు కానీ ఇప్పుడింకో గోల, కార్బరేటర్ పైనుంచి పెట్రోల్ కారుతోంది, ఐడిల్‌లో నల్లపొగ, ప్లగ్గులు తీస్తే మసి, మైలేజీ సంగతి అడక్కండి. పంప్ డబ్బా మీద 5 నుంచి 7 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అని ఉంది. ఆన్‌లైన్‌లో 1 నుంచి 5 నంబర్లున్న గుండ్రటి డయల్ రెగ్యులేటర్ చూశా. అది కొంటే పనవుతుందా? ఎక్కడ బిగించాలి, ఏ నంబర్ మీద పెట్టాలి?

స్పానర్_సీను:
బ్రో అంత ఖర్చు ఎందుకు, కార్బరేటర్‌లోకి పెట్రోల్ వచ్చే దారి మూసే నీడిల్ వాల్వ్ కింద ఇంకో రాగి వాషర్ వేయించు, ఫ్లోట్ (లోపల పెట్రోల్ మీద తేలే బుడ్డి) లెవెల్ దిగుతుంది, కారడం ఆగిపోతుంది. మా బాబాయ్ ఫియట్‌కి ఇలాగే చేశాం.

పాతబండి_పెద్దాయన:
సీనూ, వాషర్ వేస్తే లెవెల్ కొంచెం దిగుతది నిజమే, కానీ వెనక నుంచి తోసే ప్రెషర్ తగ్గదు కదా నాయనా. ఆ నీడిల్‌ని మూసి పట్టేది ఫ్లోట్ తేలే బలమొక్కటే, దానికి రెండు మూడు పీఎస్ఐ వరకే ఓపిక. ఏడుతో తోస్తే నీడిల్ వెనక్కి పోతది, పెట్రోల్ పైకి పొంగుతది.

బెజవాడ తమ్ముడూ, ముందుగాల బండి నడపడం ఆపు. అంబాసిడర్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజిన్‌కి ఒకే దిక్కున ఉంటయి, కార్బరేటర్ కిందనే కాలే మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగ బయటికొచ్చే గొట్టం ఉంటది. కారే పెట్రోల్ ఎక్కడ పడుతదో ఆలోచించు. నేను ఒక బండి బానెట్ కింద మంట చూసిన, అప్పటి నుంచి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండ పాత బండి ఎక్కను.

రెగ్యులేటర్ పెట్టొచ్చు, తప్పు లేదు. టాంక్, ఫిల్టర్, పంప్, రెగ్యులేటర్, కార్బరేటర్, ఇదీ వరస. ఫిల్టర్ పంప్‌కి ముందే ఉండాలె, పాత టాంకుల తుప్పు మస్తుగ వస్తది, ఒక్క రేణువు రెగ్యులేటర్ లోపలి సీటు మీద కూసుంటే అది మూసుకోదు. ఇంజిన్ మీద బిగియ్యకు, వేడి, వణుకు రెండూ పడవు దానికి. మానిఫోల్డ్‌కి దూరంగ బాడీకి, ఇన్నర్ ఫెండర్ మీద ఒక పట్టీ చేయించి బిగించు. ఇన్, అవుట్ బాణాలు చూసుకో, ఉల్టా పెట్టినోళ్లు శానా మంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ డయల్ మీది నంబర్లు నమ్మకు. మూడు మీద పెడితే కొన్నిట్ల నాలుగున్నర చూపించింది నాకు. రెగ్యులేటర్‌కి కార్బరేటర్‌కి నడుమ T ఆకారం జాయింట్ (టీ) వేసి ప్రెషర్ మీటర్ పెట్టు, 0 నుంచి 15 పీఎస్ఐ మీటర్. 100 దాకా ఉన్న మీటర్ తెస్తే ముల్లు అసలు కదలదు. బండి ఐడిల్‌లో ఉండగ రెండున్నరకు తేవాలె. సెట్ అయినంక మీటర్ తీసేసి టీకి డమ్మీ మూత బిగించు, బానెట్ వేడికి ఆ మీటర్ కూడ అబద్ధాలు చెప్తది.

బెజవాడ_అంబీ:
థాంక్యూ పెద్దాయన గారూ, బండి షెడ్‌లోనే ఉంచేశా. ఒక డౌటు, కొన్ని రెగ్యులేటర్లకి మూడు గొట్టాలున్నాయి, ఒకటి రిటర్న్ అంట. ఏది తీసుకోవాలి?

పాతబండి_పెద్దాయన:
నీ బండికి టాంక్‌లోకి వాపసు లైన్ లేదు కదా, రెండు గొట్టాలదే తీసుకో.

జెర్సీ_ఎంజీబీ:
న్యూజెర్సీ నుంచి, ఊరు గుంటూరు. నాది 1972 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1798 సీసీ, మీ అంబాసిడర్ ఇంజిన్‌కి సొంత అన్నలాంటిదే, రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ ఇంజిన్లే. దీనికి కంపెనీ నుంచే ఎస్‌యూ అనే బ్రాండ్ ఎలక్ట్రిక్ పంప్ వస్తుంది, రెగ్యులేటర్ ఉండదు, ఎందుకంటే ఆ పంప్ ఇచ్చేదే మూడు పీఎస్ఐ లోపు. ఏడిచ్చే పంప్ పెట్టి, దాన్ని రెండున్నరకి నొక్కడానికి ఇంకోటి పెట్టడం నాకైతే అనవసరంగా ఇంకో రెండు జాయింట్లు లీకవడానికి పెట్టుకున్నట్టే అనిపిస్తుంది. తక్కువ ప్రెషర్ పంప్ దొరికితే అదే మార్చండి. దొరక్కపోతే రెగ్యులేటర్ సరే, కానీ ఇంజెక్షన్ బండి పంప్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు, అది 40 పీఎస్ఐ చుట్టూ తోస్తుంది, ఈ చిన్న రెగ్యులేటర్ దాన్ని ఆపలేదు.

పంప్ ఎక్కడ పెట్టారో చెప్పలేదు మీరు. బానెట్ కింద పెట్టుంటే మళ్లీ అదే ఎండాకాలం కథ, ఈ పంపులు నెట్టడంలో గట్టివి, లాగడంలో కాదు, వెనక టాంక్ దగ్గర వీలైనంత కిందకి ఉండాలి. ఇంకా రిలే, ఫ్యూజ్ ఉన్నాయా? ఇగ్నిషన్ వైరుకి నేరుగా కలిపేస్తే, ఖర్మకాలి గుద్దుకుని ఇంజిన్ ఆగినా పంప్ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఇనర్షియా స్విచ్ (గుద్దుకుంటే కరెంటు ఆపేసేది) ఒకటి, లేదా ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీదుగా రిలే వేయించండి. మీవైపు ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలే కదా, పాత రబ్బరు పైపులు మెత్తబడి లోపల పొట్టు రాలుతాయి, ఇథనాల్‌కి తట్టుకునే కొత్త పైపులు వేయండి, జాయింట్లకి టెఫ్లాన్ టేపు వద్దు, దాని పోగులు సరాసరి నీడిల్‌లోకి వెళ్తాయి.

బెజవాడ_అంబీ:
రెండు వారాలకి అప్‌డేట్. తక్కువ ప్రెషర్ పంప్ కోసం ఆటోనగరంతా తిరిగా, దొరకలేదు, రెగ్యులేటరే కొన్నా. బ్యాటరీ టెర్మినల్ తీసేసి పని మొదలెట్టాం. పంప్ నిజంగానే బానెట్ కిందే పెట్టాడు మహానుభావుడు, వెనక్కి మార్పించి రిలే, ఫ్యూజ్, ఇనర్షియా స్విచ్ వేయించా. రెగ్యులేటర్ లేకుండా మీటర్ 6 చూపించింది, డయల్ 2 మీద పెడితే మీటర్లో 2.8, ఇంకొంచెం తిప్పి రెండున్నరకి తెచ్చాం. నల్లపొగ పోయింది.

కానీ కారడం పూర్తిగా ఆగలేదండి, చుక్క చుక్క. విప్పి చూస్తే నీడిల్ మొన మీద గీతలా అరిగిపోయి ఉంది, సీట్లో నల్ల రబ్బరు పొట్టు. జెర్సీ గారు చెప్పిన పైపుల పుణ్యమే. కొత్త నీడిల్, కొత్త పైపులు వేశాక నిన్న గన్నవరం దాకా వెళ్లొచ్చా, పొడిగా ఉంది.

స్పానర్_సీను:
అంటే నీడిల్ దగ్గరే ఉంది అని నేను ముందే చెప్పా కదా 😄

పాతబండి_పెద్దాయన:
నువ్వు చెప్పింది వాషర్ రా.
తమ్ముడూ, రాత్రి ఆపి పొద్దున స్టార్ట్ చేసే ముందు ఆ టీకి మీటర్ ఒకసారి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి ఐదు నిమిషాలు చూడు. రెండున్నర నుంచి మెల్లగ పైకి పాకుతుంటే రెగ్యులేటర్ లోపల సరిగ మూసుకుంటలేదని అర్థం, అట్లుంటే వాపస్ ఇచ్చెయ్యి.