నగర పాలక సభ్యులకు నాయకత్వ శిక్షణ తప్పనిసరి చేయాలా?

సూటిప్రశ్న:
కౌన్సిలర్‌గానో మేయర్‌గానో గెలిచినవాళ్లు ప్రమాణం చేసిన కొద్ది వారాలకే బడ్జెట్లు, టెండర్లు, భూమి కేటాయింపుల మీద చెయ్యెత్తాల్సి వస్తుంది. చాలామందికి అంతకుముందు ఆఫీసు ఫైలు చూసిన అనుభవం కూడా ఉండదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2006 నుంచి, ఎన్నికైనవాళ్లు 90 రోజుల్లోగా పాలక సభల సమావేశాలు జనానికి తెరిచి ఉంచాలనే బహిరంగ సమావేశాల చట్టం మీద ఒకటి రెండు గంటల శిక్షణ తీసుకోవాలి. నేను ఇంకాస్త ముందుకెళ్లి, నాయకత్వ శిక్షణ పూర్తి చేసేదాకా సభలో ఓటు హక్కు ఆపాలంటాను. మీరేమంటారు?

వార్డుమనిషి:
అస్సలు ఒప్పుకోను. సభలో సభ్యుడి ఓటు ఆపితే ఆ వార్డు జనం నోరు నొక్కినట్టే. మీరు చూపించిన టెక్సాస్ చట్టం కూడా అంత దూరం పోలేదు. శిక్షణ తీసుకోని సభ్యుడున్నా తీర్మానం చెల్లుతుందని అందులోనే రాశారు. అయినా గెలిచినవాడికి నాయకత్వం నేర్పడమేంటండీ? పది వీధుల జనాన్ని కూడగట్టకుండానే గెలిచాడా?

సూటిప్రశ్న:
గెలవడం వేరు, నడపడం వేరు కదండీ.

మాజీ సభ్యురాలు:
నేను ఒక పదవీకాలం సభ్యురాలిగా చేశాను. ఏ ఊరో ఇక్కడ అనవసరం. కొత్తలో మాకూ శిక్షణ పెట్టారు. పొద్దున్నంతా దార్శనికత, టీమ్ స్పిరిట్ అంటూ స్లైడ్లు. మధ్యాహ్నం జట్లుగా విడగొట్టి పాత కాగితాలతో టవర్ కట్టమన్నారు. మా జట్టు టవరే ఎత్తుగా వచ్చింది, ఫోటో కూడా తీశారు. బడ్జెట్ పుస్తకం మాత్రం ఎవరూ తెరవలేదు.

ఆ పుస్తకంలో ప్రతి పద్దుకూ పక్కపక్కనే మూడు అంకెలుంటాయి: మొదట వేసుకున్న అంచనా, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది. కథంతా ఈ మూడింటికీ పొంతన కుదరని చోటే ఉంటుంది. మురుగుకాలువల మరమ్మతుకు ఏటా ఘనంగా కేటాయిస్తారు. ఏడాది చివర చూస్తే అందులో సగం కూడా ఖర్చయి ఉండదు. మిగిలింది చడీచప్పుడు లేకుండా ఇంకో పద్దులోకి పోతుంది. వార్డులో జనం కాలువ గురించి అడిగితే మనం 'నిధుల్లేవు' అని చెప్పుకుంటూ తిరుగుతాం. ఇది నాకు విడమరిచి చెప్పింది అకౌంట్స్‌లో రిటైర్మెంట్ దగ్గరపడిన ఒక గుమాస్తా. అప్పటికే ఒక బడ్జెట్ పాసైపోయింది.

ఇంకొకటి, టేబుల్ ఐటమ్స్. ఎజెండా ముందుగానే ఇంటికొస్తుంది, కానీ అసలు విషయమున్న కాగితాలు సమావేశం మొదలయ్యాక బల్ల మీదకొస్తాయి. "ఆమోదమేనా?" అని పైనుంచి అడుగుతారు, "ఆమోదం" అని వెనక బెంచీల నుంచి ఒక కేక, అంతే. ఆ క్షణంలో లేచి "చదవడానికి గడువు కావాలి, వాయిదా వేయండి, నా అసమ్మతి మినిట్స్‌లో, అంటే సమావేశ నమోదులో, రాయండి" అనగలగాలి. ఏ నియమం కింద అడుగుతున్నామో కూడా చెప్పగలగాలి. శిక్షణ అంటే నాకు ఇది కావాలి. టవర్లు ఇంట్లో పిల్లలు కూడా కడతారు.

లెక్కలపద్దు:
మేడమ్ చెప్పిన దానికి కాలిఫోర్నియాలోని బెల్ పట్టణం మంచి ఉదాహరణ. జీతం తీసుకునే స్థానిక ప్రతినిధులు రెండేళ్లకోసారి రెండు గంటల నైతిక శిక్షణ తీసుకోవాలని ఆ రాష్ట్రం 2005లో చట్టం చేసింది. అదే ఏడాది బెల్‌లో 400 మంది కూడా ఓటేయని ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి, కౌన్సిలర్ల జీతాలపై రాష్ట్రం విధించిన పరిమితి నుంచి తప్పించుకున్నారు. 2010లో పత్రికలో బయటపడేనాటికి పట్టణ పాలన నడిపే ఉద్యోగి అయిన సిటీ మేనేజర్ జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు, పార్ట్‌టైమ్ కౌన్సిలర్లలో ఎక్కువమందికి లక్ష దాకా. 2013లో ఐదుగురు మాజీ కౌన్సిలర్ల మీద కొన్ని అభియోగాలు రుజువయ్యాయి. రెండు గంటల క్లాసు చట్టం అమల్లో ఉండగానే ఇదంతా నడిచింది. కాబట్టి 'తప్పనిసరి' అన్న మాట చూసి మురిసిపోకండి.

నిదానం:
అసలు శిక్షణ ఎవరిస్తారన్నది ఎవరూ అడగరేం? చాలాచోట్ల ఏర్పాటు చేసేది అధికారులే. తమను ఎలా నిలదీయాలో వాళ్లే దగ్గరుండి నేర్పుతారా?

అయితే మాజీ సభ్యురాలు గారితో ఒక పేచీ ఉంది. మీరు లెక్కలు పట్టుకున్నారు సరే, ఇరవై మంది సభలో పదకొండో ఓటు ఎలా తెస్తారు? చెత్త డంపింగ్ యార్డు ఎక్కడో ఒకచోట పెట్టాలి, ఏ వార్డూ ఒప్పుకోదు. అక్కడ పుస్తకం పనికిరాదు. ఎదుటివాళ్ల భయమేంటో వినాలి, బేరం కుదర్చాలి, మాటిస్తే నిలబెట్టుకోవాలి. మీరు వెటకారం చేసిన 'నాయకత్వం' అదే. బ్లూమ్‌బర్గ్ దాతృత్వ సంస్థతో కలిసి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం 2017 నుంచి మేయర్లకు శిక్షణ నడుపుతోంది. వాళ్లు మేయర్ల నగరాల నుంచి సీనియర్ అధికారులను కూడా తీసుకుంటారు. ఇద్దరూ కలిసి నేర్చుకుంటే తిరిగొచ్చాక ఒకరినొకరు తప్పించుకోవడం కష్టం.

మాజీ సభ్యురాలు:
బేరం సంగతి ఒప్పుకుంటాను. కానీ అదే జట్టులో అధికారులుంటే కొత్త సభ్యులు నోరు మెదపరండీ. మొదటి విడత సభ్యులకే విడిగా పెట్టి, రెండో విడతలో కలపండి.

వార్డుమనిషి:
మీరంతా అసలు జబ్బు వదిలేసి మాట్లాడుతున్నారు. నగర పాలక సంస్థల గురించిన భారత రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో నగరాలకు అప్పగించదగ్గ 18 అంశాలు రాశారు. వాటిలో ఏవి ఎంతవరకు నగరాలకు ఇవ్వాలో మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. అధికారం చేతికివ్వకుండా నాయకత్వం నేర్పితే ఏం చేసుకోవాలి?

లెక్కలపద్దు:
చేతిలో ఉన్నదేదో, లేనిదేదో తెలిస్తేనే కదా మిగతాది అడిగేది. "అది మీ పరిధిలో లేదు సార్" అని ఆఫీసులో ఎవరో అనగానే వెనక్కొచ్చేసేవాళ్లను చాలామందినే చూశాం.

సూటిప్రశ్న:
సరే, ఓటు ఆపాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చిందెవరు, ఎగ్గొట్టిందెవరు అన్న జాబితా మాత్రం బయటపెట్టాలి. జనమే చూసుకుంటారు. ఖర్చు నగర ఖజానా పెట్టుకోవాలి. ఫ్రాన్స్ 1992లోనే శిక్షణను స్థానిక ప్రతినిధుల హక్కుగా చట్టంలో రాసి, ఖర్చు స్థానిక సంస్థల బడ్జెట్ మీదే పెట్టింది.

వార్డుమనిషి:
జాబితాకి నాకు అభ్యంతరం లేదు. కానీ గెలిచాకే ఎందుకు? నామినేషన్‌కు ముందే బడ్జెట్ క్లాసు పెట్టి తలుపులు తెరిచి ఉంచండి, పోటీ చేసేవాడు, చేయనివాడు అందరూ రావచ్చు. ఓడిపోయినవాడికి లెక్కలు తెలిస్తే గెలిచినవాడికి టెన్షన్ మామూలుగా ఉండదు.

నిదానం:
ఎన్నికల ముందు క్లాసుకి ఎవరొస్తారండీ, అందరూ ప్రచారంలో ఉంటారు. మొదటి బడ్జెట్ సమావేశానికి నెల ముందు పెట్టండి, ఆ ఏటి బడ్జెట్ పుస్తకమే పాఠ్యపుస్తకం చేయండి. ఓడినవాళ్లకు వెనక కుర్చీలు వేద్దాం.