పది గంటల పని: ఇష్టమా, అవసరమా?

బొబ్బిలి వాసి

కర్మాగారాల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు, ఓవర్‌టైం పరిమితిని మూడు నెలలకు 75 గంటల నుంచి 144 గంటలకు పెంచాలని మన రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది. అదనపు సంపాదన కోరుకున్నవారే ఓవర్‌టైం చేస్తారు కాబట్టి ఇందులో బలవంతం లేదని సమర్థకులు వాదిస్తున్నారు. నెలాఖరుకు చీటీ పాట డబ్బు కట్టవలసిన మనిషి సూపర్‌వైజరు ముందు నిలబడి "సరే" అంటే, దాన్ని ఇష్టమని ఎలా అంటాము? విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారు తమ అనుభవంతో జవాబు చెప్పాలని కోరుతున్నాను.

రణస్థలం మిత్రుడు

నేను పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారంలో పనిచేస్తున్నాను. మీ ప్రశ్న న్యాయమైనదే గాని, మన జిల్లాల్లో దాన్ని అడిగేటప్పుడు వలసను పక్కన పెట్టడానికి వీల్లేదు. మా నాన్నగారు ఇరవై ఏళ్లు చెన్నైలో సెంట్రింగు పని చేశారు. సంక్రాంతికి వచ్చి కనుమ దాటగానే రైలెక్కేవారు. మన తీరపు మత్స్యకారులు కొందరు సొంత ఊళ్లో బతుకు గడవక గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, అక్కడి బోట్ల మీద పనిచేస్తూ 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైలులో మగ్గారు. వారానికి 48 గంటలన్న పరిమితి ఇప్పటికీ అలాగే ఉంది, అది దాటిన ప్రతి గంటకూ రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమమే. పది గంటలు పనిచేసినా రాత్రికి సొంత ఇంట్లో అన్నం తినే భాగ్యం మా నాన్నగారికి దక్కలేదు, నాకు దక్కింది. నిబంధనలు బిగిస్తే కంపెనీలు మరో రాష్ట్రం చూసుకుంటాయి, అప్పుడు మళ్లీ రైలెక్కవలసింది మేమే.

బొబ్బిలి వాసి

మీ నాన్నగారి ఇరవై ఏళ్లను నేను తేలికగా తీసుకోలేను. మా నాన్న జూట్ మిల్లులో బదిలీ కార్మికుడు. పర్మనెంటు వాళ్లలో ఎవరైనా రాకపోతే గేటు దగ్గర నిలబడ్డ వారిలో ఒకరికి పిలుపు వచ్చేది. పిలుపు రాని రోజు, ఆయన విప్పని క్యారేజీతో పొద్దున్నే ఇంటికి తిరిగి వచ్చేవాడు. అమ్మ మాట్లాడకుండా ఆ క్యారేజీ విప్పి, అందులోని అన్నం మాకే పెట్టేది. గేటు బయట అంతమంది ఎదురుచూస్తూ ఉన్నంత కాలం, లోపల ఉన్నవాడు "ఈ పూట ఇక చేయలేను" అని మేస్త్రీతో అనలేకపోయాడు. మీరు చెప్పిన వలస భయం కూడా అటువంటి గేటే. మనిషిని ఒప్పించడానికి దానికి మించిన సాధనం యజమానికి అక్కర్లేదు.

ఇక లెక్క చూడండి. మూడు నెలలకు 144 గంటలంటే ఏడాదికి 576 గంటలు, అంటే ఎనిమిది గంటల రోజులు 72. నలుగురు కార్మికులు ఈ పరిమితి మేరకు ఓవర్‌టైం చేస్తే 288 రోజుల పని అవుతుంది, సెలవులూ ఆదివారాలూ పోను ఒక మనిషి ఏడాది పొడవునా చేసే పని దాదాపు అంతే. కొత్త మనిషిని తీసుకుంటే అతనికి పి.ఎఫ్., ఈ.ఎస్.ఐ., సెలవులు, బోనసు చూడాలి; ఆ పనిని ఉన్న నలుగురిలో పంచితే ఆ బాధ్యత ఉండదు. రణస్థలంలోనో చీపురుపల్లిలోనో ఉద్యోగం దొరకక రైలెక్కుతున్నది ఆ ఐదో మనిషే. వలసను ఆపుతుందని మీరు నమ్ముతున్న పద్ధతే ఒకరిని ఊరు దాటిస్తోంది. రెట్టింపు వేతనం మాటకొస్తే, కాంట్రాక్టరు రిజిస్టరులో ఎక్కని గంటలకు రెట్టింపు ఎవరు లెక్కగడతారో కూడా చెప్పాలి.

ఎనిమిది గంటల పనిదినం ఎవరో దయతో ఇచ్చినది కాదు. 1886లో షికాగో కార్మికులు దానికోసం సమ్మె చేశారు, 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందాన్నే పని గంటల మీద చేసింది. మన దేశంలో అంబేద్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూస్తున్న 1946లో, వారానికి 54 గంటలు 48కి తగ్గాయి.

పలాస ఆడపడుచు

మీరిద్దరూ గంటల గురించి వాదిస్తున్నారు, మా అమ్మ పనికి గంటలే లేవు. ఆమె జీడిపప్పు బట్టీలో పిక్కలు కొడుతుంది, కూలి కిలోల లెక్కన. ఎవరూ తొందరపెట్టరు, ఎవరూ కాపలా కాయరు. అయినా మంచినీళ్లకు లేస్తే కూలి తగ్గుతుందని తనే లేవదు. ఈ కూలి పద్ధతిలో పర్యవేక్షకుడి అవసరమే చాలావరకు ఉండదని మార్క్స్ 1867లోనే వివరించాడు. అమ్మకు ఆయన పేరు తెలియదు, ఆ సంగతి మాత్రం బాగా తెలుసు.

జీడి నూనె తగిలి ఆమె వేళ్ల చర్మం నల్లబడి, పొరలు పొరలుగా లేస్తుంది. రేషన్ ఇచ్చేచోట మిషను మీద బొటనవేలు పెడితే గుర్తుపట్టదు. చీర కొంగుతో తుడుచుకుని చూపుడు వేలు పెడుతుంది, తరువాత ఎడమ చేయి. వెనక వరుసలో ఉన్నవారు విసుక్కుంటారు. పది గంటలా ఎనిమిది గంటలా అన్న చర్చలో, సాయంత్రం ఇంటికి వచ్చి ఆ వేళ్లతోనే ఆమె తోమే అంట్లు ఏ లెక్కలోకి వస్తాయో కూడా రాయండి.

రణస్థలం మిత్రుడు

ఐదో మనిషి లెక్కకు నా దగ్గర జవాబు లేదు, దాన్ని ఒప్పుకుంటున్నాను. కంపెనీలు తరలిపోతాయన్న భయం మాత్రం నాకు పోలేదు.

నిన్న షిఫ్టు బస్సులో ఒక సంగతి గమనించాను. మా విభాగంలో ఓవర్‌టైం కావాలని ముందుగా పేరు ఇచ్చేది ముగ్గురు: ఒకరికి ఇంటి అప్పు, ఒకరికి భార్య ఆపరేషను బాకీ, మూడో పేరు నాది. చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా రెండేళ్లు తీర్చాలి. బాకీ లేనివాడు పేరు ఇచ్చిన రోజు నాకు గుర్తుకు రావడం లేదు. రేపు అడిగితే నేను మళ్లీ సరే అంటాను. కానీ అది నా ఇష్టమని ఇక్కడ రాయలేకపోతున్నాను.