పాత క్యామ్‌లు: "లోహానికి వయసు లేదు" అన్న మాట విశాఖలో చెల్లుతుందా?

గుల్లరాయి:
ఊరు మారుతున్న ఒకాయన తన ట్రాడ్ ర్యాక్ (రాతి పగుళ్లలో సొంతంగా పట్టులు పెట్టుకుంటూ కొండ ఎక్కే సామాను) మొత్తం అమ్మేస్తున్నారు. ఏడు క్యామ్‌లు (ట్రిగ్గర్ లాగి పగులులో పెట్టి వదిలితే లోబులనే రెక్కలు విచ్చుకుని బిగుసుకునేవి), ఒక సెట్టు నట్లు (తీగ చివర లోహపు దిమ్మె తలగా ఉండి పగులులో ఇరుక్కునేవి), పది క్విక్‌డ్రాలు (పట్టీకి రెండు కొసలా క్యారబైనర్లు, అంటే గేటున్న లోహపు కొక్కేలు), నాలుగు డైనీమా స్లింగులు (సింథటిక్ పోగుతో నేసిన పట్టీ లూపులు). ట్యాగుల మీద 2011 అని ఉంది. పెద్దగా వాడలేదట గానీ, సామానంతా పెదవాల్తేరులో సముద్రం వైపు బాల్కనీ బీరువాలో ఉండిపోయింది. "మెటల్‌కి ఎక్స్‌పైరీ ఏముంటుంది, గుడ్డ భాగం మార్చుకుంటే కొత్తవే" అంటున్నారు. నమ్మొచ్చా?

మడతపేచీ:
చాలావరకు నిజమే చెప్పారు. పెట్జిల్ లాంటి కంపెనీలే రాసిస్తాయి: గుడ్డ, ప్లాస్టిక్ సరుకుకి తయారీ తేదీ నుంచి గరిష్ఠంగా 10 ఏళ్లు, లోహానికి కాలపరిమితి లేదు. కాబట్టి స్లింగులు నాలుగూ, క్విక్‌డ్రాల పట్టీలూ, క్యామ్‌ల స్లింగులూ ముక్కలుగా కోసి పారేయండి. కోయకుండా పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుని వాడతారు.

క్యామ్‌కి కొత్త స్లింగు కంపెనీ చేత కుట్టించుకోవడం అన్నిటికన్నా మేలు. డీఎంఎం తన క్యామ్‌లకి ఆ పని చేస్తుంది, కానీ విదేశానికి పంపి తెప్పించుకోవాలి. ఇక్కడ బ్యాగులు కుట్టేవాళ్ల మిషన్ కుట్టు మాత్రం వద్దే వద్దు. కాడ చివర బొటనవేలి లూప్ ఉన్న క్యామ్ అయితే 7 మి.మీ. నైలాన్ కార్డు (సన్నతాడు) కట్టుకోవచ్చు. యూరప్ ప్రమాణం ఈఎన్ 564 ప్రకారం ఆ కార్డు ఒక్క పేట కనీసం 9.8 కిలోన్యూటన్లు (ఒక్కోటి సుమారు 100 కిలోల బరువు) మోయాలి. లూపులో రెండు పేటలు పడతాయి. రెండు కొసల్ని కలిపే డబుల్ ఫిషర్‌మన్ ముడికి మూడో వంతు పోయిందనుకున్నా 13 దగ్గర మిగులుతుంది. చాలా క్యామ్‌ల సొంత రేటింగే 8 నుంచి 14. ముడి తోకలు 7 సెం.మీ.కి తగ్గకూడదు.

గుల్లరాయి:
డైనీమా స్లింగులు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి. అవి కూడానా?

తుప్పుమాస్టారు:
అవి కూడా. ఆ బాల్కనీలో ఇన్వర్టర్ బ్యాటరీ ఉండేదా అని అడగండి. సల్ఫ్యూరిక్ యాసిడ్ తగిలిన నైలాన్ పైకి మచ్చ కూడా లేకుండా బలం పోగొట్టుకుంటుంది. డైనీమా యాసిడ్‌కి కొంత ఓర్చుకుంటుంది గానీ, ఎండా రాపిడీ దాన్నీ బలహీనపరుస్తాయి. పైగా కరిగేది 145 డిగ్రీల దగ్గరే. పదేళ్లు దాటిన పట్టీ మీద కంటిచూపుతో తీర్పు ఇవ్వలేం.

అసలు నా అభ్యంతరం లోహం గురించి. "కాలపరిమితి లేదు" అంటే కేలండర్ చూసి పారేయనక్కర్లేదని మాత్రమే అర్థం. ఉప్పుగాలి సంగతి ఆ వాక్యంలో లేదు. క్యారబైనర్లు ఎక్కువగా 7075 రకం అల్యూమినియం. జింకు, రాగి కలిసినందువల్ల దానికి బలం ఎక్కువ, ఉప్పుకి ఓర్పు తక్కువ. యానోడైజింగ్ అనే రక్షణ పొర ఉన్నంతసేపు పర్వాలేదు. లోబుల పళ్ల మీద, తాడు ఒరిసే గాడిలో ఆ పొర ముందే అరిగిపోతుంది. అక్కడే ఉప్పులోని క్లోరైడ్ గుంటలు తవ్వుతుంది. క్యామ్‌లో ఇంకో తలనొప్పి: ఇరుసు ఉక్కు, లోబు అల్యూమినియం. రెండింటి మధ్య ఉప్పుతేమ చేరితే ముందు తినేసేది అల్యూమినియాన్నే. "పెద్దగా వాడలేదు" అన్నది కూడా ఇక్కడ భరోసా కాదు. వాడేవాడు అప్పుడప్పుడైనా కడుగుతాడు.

బండరాజు:
ఏటి మాస్టారూ, అంత భయపెట్టేస్తే ఎలాగ? క్యారబైనర్ కింద పడితే లోపల కనపడని పగుళ్లు వస్తాయని ఇలాగే చెప్పేవోళ్లు. ఫోర్జింగ్ చేసిన అల్యూమినియం గాజు కాదు. పడ్డవాటిని లాగి చూసిన పరీక్షల్లో బలం తగ్గినట్టు తేలలేదు. తుప్పూ అంతే, ఉంటే తెల్లపొడిలా కంటికి కనిపిస్తాది. కడిగి చూడండి, లేకపోతే లేనట్టే.

తుప్పుమాస్టారు:
పగుళ్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను. తుప్పు విషయంలో కాదు, ఎందుకంటే అది ముదిరేది కన్ను చేరని చోటే. ఇరుసుకీ లోబుకీ మధ్య, ట్రిగ్గర్ తీగల ప్లాస్టిక్ తొడుగు కింద, నట్టు తల లోపల తీగ వంగే చోట.

ముందు కడగండి. గోరువెచ్చని మంచినీళ్లు, కొంచెం తేలికపాటి సబ్బు. బ్లీచింగ్, బట్టల సోడా వద్దు. క్యామ్ తలను ముంచి టూత్‌బ్రష్‌తో రుద్దుతూ ట్రిగ్గర్‌ను ముప్పైసార్లు లాగి వదలండి. మళ్లీ మంచినీళ్లలో జాడించి, నీడలో ఒక రోజంతా ఆరబెట్టండి. తర్వాత ఇరుసు దగ్గర మైనం ఆధారంగా చేసిన పొడి లూబ్రికెంట్ రెండు చుక్కలు. కొబ్బరినూనె, మిషన్ నూనె వేస్తే రెండు వారాల్లో ఇసుక పట్టి మొదటికొస్తుంది.

ఇప్పుడు పరీక్ష. ట్రిగ్గర్ మెల్లగా వదిలితే నాలుగు లోబులూ కలిసి పూర్తిగా తెరుచుకోవాలి. కడిగాక కూడా ఒకటి వెనకబడితే ఇరుసు లోపల తినేసిందని అనుమానించాల్సిందే. లోబును పట్టుకుని పక్కలకు కదపండి. కాస్త ఆట మామూలే, అదే మోడల్ మిగతా సైజులతో పోల్చుకోండి. లోబు అంచు చదునైతే ఆ క్యామ్ పక్కన పెట్టేయండి. లోబు వంపు ఒకే కోణం నిలబెట్టేలా గీసింది. 1978లో అమ్మకానికొచ్చిన ‘ఫ్రెండ్స్’ రకం క్యామ్‌లో అది 13.75 డిగ్రీలు. అంచు చదునైన చోట ఆ కోణం మారిపోతుంది, క్యామ్ జారుతుంది. ట్రిగ్గర్ తీగ ఒక పోగు తెగితే అది మరమ్మతు పని, బరువు మోసేది అది కాదు. బరువు మోసే కేబుల్ కాడ మాత్రం మడత పడినా, పోగు తెగినా వద్దు.

మడతపేచీ:
క్విక్‌డ్రాల దగ్గర అందరూ తొందరపడతారు. గేటు నొక్కి వదిలితే కొక్కెం ముక్కులోకి తనంతట తాను చేరాలి. ఉప్పు పట్టిన గేటు అర మిల్లీమీటర్ తెరిచి ఉన్నా, 20 కిలోన్యూటన్లు మోయాల్సిన క్యారబైనర్‌కి ప్రమాణం హామీ ఇచ్చేది 7 మాత్రమే. తాడు గాడి లోతు 1 మి.మీ. దాటినా, అంచు గోటికి పదునుగా తగిలినా తీసేయండి. పట్టీ మార్చేటప్పుడు రబ్బరు కీపర్ (కొక్కెం కదలకుండా పట్టే చిన్న రబ్బరు) జాగ్రత్త. క్యారబైనర్ పట్టీ లూపులోంచి వెళ్లాలి, ఒట్టి రబ్బరులోంచి కాదు. 2013లో ఫ్రాన్స్‌లోని ఓర్పియేర్‌లో ఇలా తప్పుగా బిగించిన క్విక్‌డ్రాల వల్లే ఒక పిల్లవాడు పోయాడు. చూడ్డానికి అంతా సరిగ్గానే కనిపించడం ఇందులో అసలు ప్రమాదం.

రాతిపొర:
ఒక మాట. క్యామ్ మీద 8 కిలోన్యూటన్లు పడితే ఆ 13.75 డిగ్రీల లెక్కన రాతి పగులును రెండు వైపులా సుమారు 16 చొప్పున నెడుతుంది. మన కైలాసగిరి, యారాడ వైపు రాయి అయిన ఖోండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మట్టిగా మారిన పొరలు చాలా. భువనగిరి గ్రానైట్ మీద అలవాటు పడ్డవాళ్లు ఇక్కడ క్యామ్ పెడితే సామాను కంటే ముందు రాయే ఊడొచ్చే చోట్లున్నాయి. పిడికిలితో కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే ఎంత కొత్త క్యామైనా దండగే.

గుల్లరాయి:
నట్ల సంగతి తేలలేదు. కొన్ని తీగల మీద తెల్లటి పొర ఉంది. చెట్టుకి కట్టి వేలాడి చూస్తే సరిపోదా?

బండరాజు:
తెల్లది జింకు పూత పోతోందని, ఎర్రది ఉక్కు పోతోందని. తెల్లవి కడిగి వాడుకోవచ్చు, ఎర్రవి తీసేయండి. నట్లు చవకే.

తుప్పుమాస్టారు:
తీగ ఒంటి మీద తెలుపు వరకు సరే. తల లోపలికి వెళ్లే చోట తెలుపు కనిపిస్తే నేను ఉంచను. తలను పక్కకి జరిపి, తీగను కొద్దిగా వంచి చూడండి, కరకరలాడినా పొడి రాలినా అంతే. వేలాడి చూడటం వల్ల తెలిసేది తక్కువ. 80 కిలోల మనిషి వేలాడితే 0.8 కిలోన్యూటన్, గట్టిగా కుదిపినా రెండు చుట్టూ. లీడ్ చేస్తూ (ముందుగా ఎక్కుతూ) పడితే పై పీస్ (చివరగా పెట్టిన పట్టు) మీద 5 దాటడం వింత కాదు. అలాగని చైన్‌బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) పెట్టి 8 దాకా లాగితే, నిలిచిన నట్టులో తీగ అప్పటికే ఎంత సాగిందో తెలియదు.

బండరాజు:
ఆ లెక్కన మీ ర్యాక్‌లో ఏటీ మిగలదు మాస్టారూ. నేనైతే నాలుగు పెద్ద నట్లు ఉంచుకుంటాను, వాటి తీగ లావు. చిన్నవి అతనికే వదిలేయమంటాను, ధరలోంచి తగ్గించుకుని.