నకాతా ఆట పూర్తిగా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. నెల రోజులుగా నా ఫోన్ నిండా జపాన్ ఫుట్‌బాలర్ హిదెతోషి నకాతా రీల్సే. 2006 ప్రపంచకప్ అవగానే, 29 ఏళ్లకే ఆట మానేసిన మనిషి! అప్పటికింకా పుట్టని మా పిన్ని కొడుకు కూడా ఆయన వీర ఫ్యాన్ అయిపోయాడు.

సగం రీల్స్‌లో కోట్లు, నల్లకళ్లద్దాలు, రంగేసిన జుట్టు. మిగతా సగం ఒకటే గోల్. 2001 మేలో ఇటలీ లీగ్‌లో యువెంటస్‌పై ఆయన క్లబ్ రోమా 0-2తో వెనకబడి ఉంటే, కెప్టెన్ టోట్టీ బదులు దిగి చాలా దూరం నుంచి కొట్టాడు. చివర్లో ఆయన షాట్ యువెంటస్ గోల్‌కీపర్ వాన్ డెర్ సార్ చేతుల్లోంచి జారితే రోమా ఆటగాడు మోంటెల్లా గోల్ చేశాడు, 2-2. ఆ ఏడాది లీగ్ టైటిల్ రోమాదే. బాగానే ఉంది, కానీ ముప్పై సెకన్ల ముక్కలు చూసి ఆటగాడిని ఏం అంచనా వేస్తాం?

పూర్తి మ్యాచ్‌లు, దొంగ కాపీలు కాకుండా, ఎక్కడ దొరుకుతాయి? 1998లో ఇటలీ క్లబ్ పెరూజా తరఫున తొలి మ్యాచ్‌లోనే యువెంటస్‌పై రెండు గోల్స్ కొట్టాడు కదా, అక్కణ్నుంచి మొదలుపెట్టనా?

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఒక్క మాట చెప్పండి: ఇప్పుడు అక్కడి కుర్రాళ్లకు ఆయన ఫుట్‌బాలర్‌గా తెలుసా, సాకే (జపాన్ బియ్యపు మద్యం) తయారీదారుల వెంట తిరిగే పెద్దమనిషిగానా?