టెక్స్‌ఇన్ఫో నుంచి స్ఫింక్స్‌కి: జీసీసీ వెనక్కి తగ్గడం సరైనదేనా?

అమీర్‌పేట_సీ:
సీ లాంటి భాషల్లో రాసిన ప్రోగ్రాముల్ని యంత్రభాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ మాన్యువల్స్‌ని 2022 నవంబరులో టెక్స్‌ఇన్ఫో నుంచి స్ఫింక్స్‌కి మార్చారు. రెండూ మాన్యువల్స్ రాసి, వాటిని వెబ్‌పేజీల్లాంటి రూపాల్లోకి మార్చే పనిముట్లే. వారం తిరక్కుండానే ఆ మార్పును రద్దుచేసి టెక్స్‌ఇన్ఫోకే వచ్చేశారు. అలా చేయడమే కరెక్ట్ అంటాను.

కంపైలర్ మాన్యువల్‌ని మొదటి పేజీ నుంచి ఎవరూ చదవరు. ఏదో వార్నింగ్ వస్తుంది, వెతుకుతాం, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎప్పటిదో జవాబు దొరుకుతుంది, అందులో మాన్యువల్ లింకు ఉంటుంది. పేజీల చిరునామాలు మారితే ముందు దెబ్బతినేది ఆ లింకులే. ఈమాక్స్ ఎడిటర్‌లో ఇన్ఫో (టెక్స్‌ఇన్ఫో నుంచి తయారయ్యే మాన్యువల్ రూపం) తెరిచి, సూచికలో వెతకడానికి ‘ఐ’ నొక్కి, కంపైలర్ ఆప్షన్ పేరు కొట్టి నేరుగా అక్కడికి చేరేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పని పాడుచేసి తెచ్చే సొగసు ఎందుకు?

బెజవాడ_బైట్:
చదివేవాళ్ల సంగతి సరేనండీ, రాసేవాళ్ల మాటేమిటి? టెక్స్‌ఇన్ఫోలో ఒక ఆప్షన్ గురించి రాయాలంటే ‘ఐటెం’ వరుసలో దాని పేరు పెట్టాలి, దాంతోపాటు ‘ఓపిండెక్స్’ వరుసలో అదే పేరు మళ్లీ రాయాలి. రెండోది మర్చిపోతే సూచికలో ఆ ఆప్షన్ కనబడదు. స్ఫింక్స్‌లో ‘ఆప్షన్’ అని ఒక్కసారి రాస్తే సూచికా వస్తుంది, వేరే పేజీ నుంచి దానికి లింకూ కుదురుతుంది. కొత్తగా ప్యాచ్ (సవరణ) పంపే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. పైథాన్ భాష డాక్యుమెంటేషన్ 2007లోనే లేటెక్ అనే పాత రాత పద్ధతిని వదిలింది. ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టం వాళ్లు 2021 జనవరిలో డాక్‌బుక్ నుంచి ఆస్కీడాక్‌కి వెళ్లారు, అవీ ఇలాంటి రాత పద్ధతులే. వాళ్లకి సాధ్యమైంది జీసీసీకి ఎందుకు కాకూడదు? అంత శ్రమపడి చేసిన పనిని కొద్ది రోజుల్లో తీసేస్తే ఇంకొకరు ముందుకొస్తారా?

అమీర్‌పేట_సీ:
శ్రమ వృథా అయిందన్న బాధ నాకూ ఉంది. కానీ ఫ్రీబీఎస్‌డీతో పోలిక కుదరదు. జీసీసీని సోర్స్ నుంచి బిల్డ్ చేసేవాళ్లు చాలామంది, పాత లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల మీద కూడా. అక్కడ టెక్స్‌ఇన్ఫోతో వచ్చే మేక్‌ఇన్ఫో ప్రోగ్రాం ఒక్కటుంటే మాన్యువల్ తయారవుతుంది. దానికి బదులు పైథాన్, దాని మీద కొత్త వెర్షన్ స్ఫింక్స్ తెచ్చుకోమనడం వాళ్లకి అదనపు బరువు.

కెర్నల్_కడప:
మధ్యలో వస్తున్నా. లినక్స్ కెర్నల్ చూడండి. అందులోకి స్ఫింక్స్ 2016లో 4.8 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందున్న డాక్‌బుక్ ఫైళ్లని ఒక్కరాత్రిలో తీసిపారేయలేదు, కొన్ని విడుదలల పాటు రెండూ పక్కపక్కనే నడిచాయి. డాక్యుమెంటేషన్‌లో ఒక్కో పుస్తకాన్ని మార్చుకుంటూ పోయారు. ఫైలుని వెబ్‌పేజీగా మార్చకుండా ఎడిటర్‌లోనే తెరిచినా హాయిగా చదువుకునేలా ఉండాలని పట్టుబట్టారు. జీసీసీలో నాకు తప్పనిపించేది స్ఫింక్స్‌ని ఎంచుకోవడం కాదు, మొత్తం మాన్యువల్స్‌ని ఒకేసారి మార్చేయడం.

బెజవాడ_బైట్:
అది ఒప్పుకుంటాను అన్నా. కానీ రెండు ఫార్మాట్లు పక్కపక్కన నడిస్తే ప్రతి సవరణా రెండు చోట్ల చేయాలి. ఆ కూలి ఎవరు మోస్తారు?

కెర్నల్_కడప:
రెండు చోట్ల ఎందుకు? ఒక పుస్తకం మారిన రోజునే దాని పాత ఫైలు పోతుంది, మారనివి పాత దాంట్లోనే సవరిస్తారు. ఏ పుస్తకానికైనా ఒకే మూలం. రెండు పనిముట్లు ఉంచుకోవాలి, అంతే.

అమీర్‌పేట_సీ:
ఆ పద్ధతైతే నేనూ సరే అంటాను, కానీ రెండు షరతులు. పాత చిరునామా నొక్కినవాడు కొత్త పేజీలో సరిగ్గా ఆ ఆప్షన్ దగ్గరే దిగాలి. ఇన్ఫో సూచిక ఇప్పుడున్నంత బాగా పనిచేయాలి. ఈ రెండూ ఒక చిన్న మాన్యువల్ మీద చేసి చూపించాకే పెద్దదాని జోలికి వెళ్లాలి.