పైలట్లకు నచ్చిన, అస్సలు నచ్చని విమానం సినిమాలు ఏవో చెప్పగలరా?

మాది ఒంగోలు. మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. 2022 డిసెంబర్‌లో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్లు విమానాలతో ట్రయల్ వేసినప్పటి నుంచి పైలట్ అవుతానని ఒకటే పట్టు. వాడికి తెలిసిందంతా సినిమాల్లో చూసిందే. అందులో నిజమెంతో విమానం నడిపేవాళ్లే చెప్పాలి.

'సల్లీ' ఇద్దరం కలిసి చూశాం. 2009లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ దెబ్బతిన్న విమానాన్ని హడ్సన్ నదిలో దించి 155 మందీ బతికి బయటపడ్డ కథ. ఒకరు విమానం నడుపుతుంటే పక్కాయన కంగారు లేకుండా చెక్‌లిస్ట్ చదువుకుంటూ పోవడం నాకు చాలా నచ్చింది. దర్యాప్తు అధికారుల్ని మాత్రం విలన్లలా చూపించారని విమర్శలొచ్చాయి. పైలట్లుగా మీకేమనిపించింది?

మావాడికి 'ఫ్లైట్' అంటే పిచ్చి. అందులో హీరో విమానాన్ని తలకిందులు చేసి కాపాడతాడు. 2000లో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం నిజంగానే తలకిందులైంది. పైలట్లు చివరిదాకా పోరాడినా 88 మందీ చనిపోయారు. ఇది చెబితే వాడు వినడం లేదు, అదే నా టెన్షన్.

పైలట్లు, ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు దయచేసి చెప్పండి. కాక్‌పిట్ పని, రేడియోలో మాట్లాడే తీరు సరిగ్గా చూపించిన సినిమాలేవి? చూస్తే మీకు ఒళ్లు మండేది ఏది, ఎందుకు? కారణం కాస్త వివరంగా రాస్తే వాడికే చదివి వినిపిస్తాను. తెలుగు డబ్బింగ్ ఉన్నవైతే మా అక్కాబావలూ చూస్తారు.