సంక్రాంతి ఫుట్‌బాల్‌లో అమ్మాయిలనూ ఆడించాలంటే పెద్దల్ని ఎలా ఒప్పించాలి?

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. కనుమనాడు మా ఊళ్లో పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ ఫుట్‌బాల్ మ్యాచ్ పెడతారు. అదీ మగవాళ్లకే. ఆడపిల్లలకు ముగ్గుల పోటీ. మా చెల్లెలు అనంతపురంలో కోచింగ్ తీసుకుంది, ఎడమకాలితో కార్నర్ కొడితే బంతి సరిగ్గా గోల్ ముందు పడుతుంది. అయినా పండగనాడు మైదానం గీత బయట అన్నల చెప్పులకు కాపలా. "నిక్కరేసుకుని ఊరందరి ముందూ పరిగెత్తుతుందా?" అంటారు పెద్దలు. ఇంగ్లండ్‌లో 1920 క్రిస్మస్ సెలవుల్లో ఆడవాళ్ల మ్యాచ్‌కు సుమారు 53,000 మంది వచ్చారు. ఆ మరుసటి ఏడాదే, ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో వాళ్లను ఆడనివ్వలేదు. ఆ మాటే ఇప్పుడు మా ఊళ్లోనూ వినాలంటే బాధేస్తోంది.

మీ ఊళ్లలో ఎవరైనా ఒప్పించారా? కలిపి ఆడించమనాలా, వేరే మ్యాచ్ అడగాలా? వేరేగా పెడితే చూసేవాళ్లు లేకుండా పొద్దున్నే ముగించేస్తారేమోనని నా భయం. ముందు ఎవరితో మాట్లాడాలి?